కెథీడ్రల్ అనగా నేమి?



ఈ నెల ధ్యానమునకు మేము ఒక మాటను తీసికొనుచున్నాము. అది మన తెలుగు బైబిలులో కనబడదు. అయినను మన పల్లెలలోని క్రైస్తవుల నోట తరచుగా వినబడుచున్నది. అది "కెథీడ్రల్" అను మాట. కొందరు కతీడ్రాల్ అందురు, కొందరు కెతెడ్రిల్ అందురు. పలుకుటలో తప్పు పట్టవలసిన పనిలేదు. పరదేశపు మాటను ఎవరి నోటికి వచ్చినట్లు వారు పలుకుదురు. కాని దాని అర్థమేమని అడిగితిమా, పదిమందిలో తొమ్మండుగురు చెప్పు జవాబు ఒక్కటే: "పెద్ద చర్చి అండీ."

ఎత్తైన గోపురము, రంగుటద్దముల కిటికీలు, లోపల మాటాడిన మారుమ్రోగు కప్పు ఉన్నయెడల అది కెథీడ్రల్ అనియు, రేకుల కప్పో తాటాకు పాకయో అయినయెడల అది వట్టి ప్రార్థన గుడి అనియు మనవారి లెక్క. ఈ లెక్కనుబట్టి కొందరు గర్వపడుచున్నారు, కొందరు చిన్నబుచ్చుకొనుచున్నారు. ఈ లెక్కనుబట్టియే కొన్ని సంఘములు అప్పులపాలగుచున్నవి గనుక దీనిని కొంచెము విడమరచి చెప్పుట మంచిదని తోచినది.

కెథీడ్రల్ అను మాట కొలతను చెప్పునది కాదు. అది కుర్చీని చెప్పునది.

గ్రీకు భాషలో "కథెద్ర" అను మాట కలదు. "కత" అనగా క్రిందికి, "హెద్ర" అనగా ఆసనము. రెండును కలిసి కూర్చుండు చోటు అని అర్థము. రోమీయులు ఆ మాటనే తమ లాటిను భాషలోనికి తీసికొనిరి. ఇంగ్లీషువారు కుర్చీని "చైర్" అందురు గదా, ఆ చైరును ఈ కథెద్రనుండి పుట్టినదే. (మన కుర్చీ మాత్రము వేరు వంశపుది. అది అరబ్బీనుండి ఉరుదూ మీదుగా మన యింటికి వచ్చినది.) పూర్వకాలమున బోధకుడు కూర్చుండి చెప్పెడివాడు. మన ప్రభువు కొండ యెక్కి కూర్చుండిన తరువాతనే బోధ మొదలుపెట్టెను (మత్తయి 5:1). నజరేతు సమాజమందిరములో గ్రంథము చదివి, చుట్టి పరిచారకునికిచ్చి కూర్చుండెను. అప్పుడే అందరి కన్నులును ఆయనమీద నిలిచెను (లూకా 4:20). కూర్చుండుట ఆ దినములలో విశ్రాంతికి గురుతు కాదు, బోధకు గురుతు. కాబట్టి ఆదిసంఘములో బిషప్పు ఏ గుడిలో తన ఆసనమునందు కూర్చుండి మందకు వాక్యము చెప్పెనో, ఆ గుడికి "ఆసనమున్న గుడి" అను పేరు వచ్చినది. మొదట అది పేరైనను కాదు, విశేషణమే. "కెథీడ్రల్ చర్చి" అని పూర్తిగా అనెడివారు. కాలక్రమమున చర్చి జారిపోయి విశేషణము మిగిలినది.

ఇక పరిమాణము సంగతి చూడుడి. ఇంగ్లండు రాజులకు కిరీటము పెట్టు వెస్ట్‌మినిస్టరు ఆబీ ఎంత గొప్ప కట్టడమో పటములలో చూచియుందురు. అది నేడు కెథీడ్రల్ కాదు. రోమా పట్టణమందలి సెయింట్ పీటరు ఆలయము లోకమంతటను పేరుపొందినది. అయినను పోపుగారు రోమాకు బిషప్పుగా కూర్చుండు పీఠము అందులో లేదు, లాటెరనులోని సెయింట్ జాను ఆలయములో నున్నది. అంత దూరమెందుకు? వేళాంగణికి ఏటేట లక్షలమంది పోవుచున్నారు, మనవారును పోవుచున్నారు. అది 1962లో "బసిలికా" అను గౌరవము పొందినది గాని కెథీడ్రల్ కాదు; ఆ మేత్రాసనపు పీఠము తంజావూరులో నున్నది. బసిలికా అనునదియు గ్రీకు మాటయే, రాజుకు సంబంధించినదని దాని అర్థము. రోమీయుల కాలమున న్యాయసభలు, వర్తకములు జరుగు పెద్ద శాలను అట్లు పిలిచెడివారు. నాలుగవ శతాబ్దమున కాన్‌స్టంటైను చక్రవర్తి ఆ మాదిరిని గుడులు కట్టించుటచేత ఆ పేరు మనవైపు వచ్చినది. మరియొక ప్రక్క వేల్సు దేశమున సెయింట్ డేవిడ్స్ అను ఊరు కలదు. అందున్న జనము రెండు వేలకు లోపే. మన మండలములలోని ఒక మోస్తరు గ్రామమంత. అయినను అక్కడ బిషప్పు పీఠమున్నది గనుక అక్కడిది కెథీడ్రల్.

మన మెదకు సంగతి దీనికంటె తేటయైన సాక్ష్యము. మెదకు ఆలయమును ఎరుగని తెలుగు క్రైస్తవుడు అరుదు. 175 అడుగుల గోపురము, క్రీస్తు జననము సిలువ ఆరోహణము చూపు మూడు రంగుటద్దముల కిటికీలు, వీటిని చూచుటకు క్రిస్మసునాడు నేల యీనినట్లు జనము వచ్చును. వెస్లియను మెథడిస్టు మిషనరీయైన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు దానిని కట్టించిరి. అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. ఆ దినమున అది కెథీడ్రలా? కాదు. ఆ మెథడిస్టు సంఘమునకు బిషప్పులు లేరు. బిషప్పు లేడు గనుక పీఠము లేదు. పీఠము లేదు గనుక అది చర్చియే. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులును మెథడిస్టులును దక్షిణ భారత ఐక్య సంఘమువారును కలిసి దక్షిణ ఇండియా సంఘమైన తరువాత మెదకు ఒక అధ్యక్ష మండలమాయెను. అప్పుడు ఆ ఆలయము కెథీడ్రల్ ఆయెను. గోపురము ఒక్క అడుగైనను పెరుగలేదు, ఒక్క రాయియైనను క్రొత్తగా పెట్టబడలేదు. ఒక కుర్చీ వచ్చినది, అంతే.

దోర్నకలు చరిత్ర దీనికి అటువైపు నుండి నడచినది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి దేశస్థుడు. 1909లో దోర్నకలుకు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘములో మన దేశస్థులలో మొట్టమొదటి బిషప్పు ఆయనే. అయితే గుమ్మటములతోను మన దేశపు మండప స్తంభములతోను నేడు మనము చూచు దోర్నకలు ఆలయము ప్రతిష్ఠింపబడినది 1939 జనవరి 6న. అనగా ఇరువదియారు సంవత్సరములు కుర్చీ ముందు, గుమ్మటము తరువాత. ఆ యిరువదియారు సంవత్సరములు ఆయన చేసినదేమి? ఊరూరు తిరిగి మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను వాక్యము చెప్పెను. బాప్తిస్మము పొందినవారిని తమ చేతులు తమ తలలమీదనే పెట్టుకొనుమని చెప్పి, సువార్త చెప్పకపోయినయెడల నాకు శ్రమ అను పౌలు మాటను (1 కొరింథీ 9:16) వారిచేత పలికించెను. అక్షరము రాని పాలేరు తల మీద తన చేయి పెట్టుకొని అపొస్తలుని మాట పలికిన దినమున ఆ పీఠము పనిచేసినదని మేము నమ్ముచున్నాము.

ఇప్పుడు వాక్యమునకు వచ్చెదము. కథెద్ర అను మాట గ్రీకు క్రొత్త నిబంధనలో మూడే చోట్ల కనబడును. సెమినరీలో గ్రీకు నేర్చుకొన్నప్పుడు ఈ మాట ఎక్కడ ప్రకాశించునో అని ఆశతో వెదకితిమి. దొరికిన చోట్లు చూచి ఆశ్చర్యపడితిమి. మొదటిది మత్తయి 21:12, రెండవది మార్కు 11:15. రెంటిలోను సంగతి ఒక్కటే: దేవాలయములో గువ్వలమ్మువారి పీఠములను ప్రభువు పడద్రోసెను. మూడవది మత్తయి 23:2, శాస్త్రులును పరిసయ్యులును కూర్చుండిన మోషే పీఠము. ఆ పీఠము నుండి వచ్చు బోధను గైకొనుడి, వారి క్రియల చొప్పున మాత్రము నడవకుడని ప్రభువు చెప్పెను. ఏలయనగా వారు మోయ శక్యముకాని బరువులు కట్టి మనుష్యుల భుజములమీద పెట్టుదురు, తాము వ్రేలితోనైనను కదల్పరు. ఇదియే సువార్తలలో ఈ మాటకు జరిగిన సన్మానము: రెండు చోట్ల బోర్లపడినది, ఒకచోట గద్దింపు తిన్నది.

గువ్వల సంగతి కొంచెము ఆలోచింపుడి. గువ్వలను ఎవరు కొనెడివారు? గొఱ్ఱెపిల్లను తేజాలని బీదలు. ధర్మశాస్త్రమే వారికి ఆ సెలవిచ్చినది (లేవీయ 12:8). మరియ తన కుమారుని ఎత్తుకొని దేవాలయమునకు వచ్చినప్పుడు ఆమె అర్పణయు అదియే (లూకా 2:24). కాబట్టి ఆ పీఠములమీద కూర్చుండినవారు బీదల కానుకమీద లాభము తీయువారు. ప్రభువు చేయి ఆ కుర్చీలమీద పడుటలో వింత యేమున్నది? ఆయన తల్లి ఒకప్పుడు అట్టివారి యొద్దనే కొనియుండవచ్చును.

మాకు తెలిసిన ఒక సంఘమున్నది. ఊరు చెప్పము. ముప్పది యేండ్లు పెంకుల గుడిలో ఆరాధించిరి. కప్పు కురిసినది నిజమే, గోడ బీటలిచ్చినది నిజమే, క్రొత్తది కట్టవలసినదే. కాని ప్రక్క ఊరివారు రెండంతస్తులు కట్టిరి గనుక వీరు మూడు గోపురములు పెట్టదలచిరి. ఇంటింటికి ఇంతయని చందా కట్టిరి. రెండెకరములవానికి ఇంత, నౌకరీ ఉన్నవానికి ఇంత. అంతవరకు న్యాయమే. పిమ్మట కూలికి పోవు విధవరాలికిని ఇంత అని వ్రాసిరి. ఇయ్యలేనివారి పేర్లు బాకీల పట్టీగా ఆరాధనలో చదివిరి. ఒక తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినది. మరికొందరు అప్పు దొరకక, పేరు చదివినప్పుడు తలవంచుకొనలేక, ఆదివారము రావడమే మానిరి. గోడలు లింటలు వరకు లేచి ఆగిపోయినవి. స్తంభములపైని ఇనుప చువ్వలు తుప్పుపట్టుచున్నవి. వానకాలమున లోపల నీరు నిలుచుచున్నది. అయినను ముందుగానే పెద్ద అక్షరములతో బోర్డు వ్రాయించి పెట్టిరి, అందులో ఈ కెథీడ్రల్ అను మాట యున్నది.

ఆ పెద్దలు చెడ్డవారని మేము చెప్పము. వారు దేవుని మహిమను కోరితిమనియే చెప్పిరి, ఆ మాట నమ్మదగినదే. దావీదును అట్లే కోరెను. తాను దేవదారు మ్రానుల నగరులో నుండగా దేవుని మందసము డేరాలో నున్నదని అతడు నొచ్చుకొనెను. దేవుడు ఆ నొప్పిని తృణీకరింపలేదు గాని, నీవు నాకు ఇల్లు కట్టుటకాదు, నేనే నీకు సంతతి యను ఇల్లు కట్టెదనని నాతానుచేత చెప్పించెను (2 సమూయేలు 7). సొలొమోను కట్టి ముగించి, బంగారము మెరయుచుండగానే, ఆకాశ మహాకాశములు పట్టజాలని దేవుని ఈ మందిరము ఎట్లు పట్టునని మోకాళ్లమీద ఒప్పుకొనెను (1 రాజులు 8:27). కట్టిన చేతులే ఆ మాట చెప్పినవి గనుక దానికి విలువ కలదు.

కట్టుట తప్పని ఎవరును మా మాటలను త్రిప్పకుందురు గాక. స్త్రీల సమాజమువారు ప్రతిదినము ఎసట్లో బియ్యము పోయునప్పుడు పిడికెడు తీసి ప్రక్కన పెట్టి, వారమునకొకసారి గుడికి తెచ్చి, ఆ బియ్యపు డబ్బుతో గోడలు లేపిన గుడులు మన ప్రాంతములో ఎన్నియో కలవు. అట్టి గోడను ముట్టుకొనినను మనస్సు నిండును. మెదకులోను చూడుడి. ఆ కట్టడపు రోజులు కరువు రోజులు. ఆకలితో వచ్చినవారికి పోస్నెట్ గారు పని చూపి, చేసినవారికి కూడు పెట్టిరి. రాయి మోసినవాడు సాయంకాలము పిల్లలకు తిండి తీసికొని ఇంటికి పోయెను. అక్కడ గుడి బీదలకు అన్నము పెట్టినది. మేము చెప్పిన ఊరిలో గుడి బీదల అన్నము తిన్నది. రెండును రాతి గోడలే. ఎవరు కట్టుచున్నారు, ఎంత ఎత్తు కట్టుచున్నారు అనుటకంటె, కట్టుచుండగా బీదవాని కుండలో ఏమి జరుగుచున్నదని అడుగవలెను.

మన తెలుగువారి మాటలలో ఒక అందమున్నది, దానిని చాలమంది గమనింపరు. గుడి అను మాటయు గుడిసె అను మాటయు ఒక్క మూలమునుండి వచ్చినవే. రెంటికిని ఇల్లు అనియే అర్థము. మందిరమన్నను ఆలయమన్నను నివసించు చోటే. జర్మను దేశస్థులు తమ పెద్ద ఆలయములను "డోమ్" అందురు, ఇటలీవారు "దువోమో" అందురు; అదియు ఇల్లు అను లాటిను మాటయే. కాబట్టి గుడిసెలో ఆరాధించువారు తమ గుడి గుడి కాదేమోయని సిగ్గుపడుట భాషకే విరుద్ధము. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఇచ్చినవారు తెలుగు బోధకులు, పొందినవారిలో ఎక్కువమంది కరువునుండి బ్రతికి బయటపడిన బీదలు. గోడ లేదు, కప్పు లేదు, మోకాలి లోతు మించిన నీళ్లు, పైన ఆకాశము. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు దేవుని ఆలయము మీరే అని వ్రాసినప్పుడు (1 కొరింథీ 3:16) వారికిని సొంత గుడి లేదు, ఇండ్లలో కూడుకొనుచుండిరి.

కెథీడ్రల్ ఉన్న మండలములోని పల్లె సంఘములకు ఇంకొక మాట చెప్పవలెను. అది పట్టణపువారి సొత్తు కాదు. బిషప్పు పీఠము మండలమంతటికి ఒక్కటే గనుక, ఆ పీఠమున్న ఆలయము ప్రతి పల్లె సంఘమునకును తల్లి గుడి. రేకుల క్రింద కూడుకొను ముప్పది కుటుంబములు ఆ పీఠపు సంరక్షణ క్రిందనే యున్నవి. మెదకుకో దోర్నకలుకో పోయినప్పుడు బయటివారివలె చెప్పులు చేతపట్టుకొని గుమ్మమునొద్ద నిలువబడి తొంగిచూచి రాకుడి. ఆ మండలమువారైనయెడల మీరు పుట్టింటికి వచ్చినట్లు లోపలికి పోయి మోకరించుడి. ఆ కుర్చీ ఖాళీగానున్న దినమున దానిని చూచి, అందులో కూర్చుండు సేవకుడు దూరపు పల్లెలను మరువకుండునట్లు ప్రార్థింపుడి. అట్టి ప్రార్థన అతనికి అవసరము. ఎత్తైన కుర్చీ నుండి దగ్గరివారే ఎక్కువగా కనబడుదురు.

బిషప్పుల కుర్చీల సంగతి చెప్పి మా కుర్చీల సంగతి మానుట న్యాయము కాదు. ఈ మధ్య మన చిన్న గుడులలో సయితము బలిపీఠము ప్రక్కన పాస్టరుకు పెండ్లిమంటపపు కుర్చీవంటిది వెలసినది. ఎఱ్ఱని మఖమలు, బంగారు రంగు సింహపు తలలు, వీపున దాత పేరు. ప్రేమతో ఇచ్చినవారిని నొప్పించనేల? కాని దానికి ఎదురుగా చినిగిన చాపమీద కీళ్ల నొప్పులతో కూర్చుండిన అవ్వలుండగా ఆ మఖమలుమీద వీపు ఆనించుట ఎట్లు? పన్నెండుమంది భోజనపు బల్లయొద్ద ఎవడు గొప్పయని వాదించిన రాత్రి, బోధకుడును ప్రభువునైనవాడు తన చోటు విడిచి లేచి, తువాలు కట్టుకొని, వారి పాదములయొద్ద కూర్చుండెను (యోహాను 13). పీఠము నుండి చెప్పిన బోధలన్నిటికిని అది భాష్యమని మేము తలంచుచున్నాము.

ఈ నెల గృహ కూటములలో మార్కు సువార్త 12:38 మొదలుకొని 13:2 వరకు ఒక్క ఊపులో చదువుడని మనవి. మనము సాధారణముగా పండ్రెండవ అధ్యాయపు చివర ఆగుదుము. అధ్యాయముల అంకెలు మార్కు వ్రాసినవి కావు, అవి పదమూడవ శతాబ్దమున చేర్చబడినవి. వాటిని తీసివేసి చదివినయెడల వరుస ఇట్లున్నది. మొదట సమాజమందిరములలో అగ్రపీఠములు కోరు శాస్త్రులు (గ్రీకులో ఆ మాటలోను మన కథెద్ర దాగియున్నది). వెంటనే, వారు విధవరాండ్ర ఇండ్లు దిగమ్రింగుదురను మాట. వెంటనే, ఒక బీద విధవరాలు వచ్చి తన జీవనమంతయు, రెండు కాసులు, కానుకపెట్టెలో వేయుట. అందరును ఆమెను మెచ్చుకొని ప్రసంగము ముగింతురు. కాని కథ ముగియలేదు. వారు దేవాలయమునుండి వెళ్లుచుండగా శిష్యులలో ఒకడు ఆ రాళ్లు ఎంత గొప్పవో ఆ కట్టడములు ఎట్టివో చూడుమని ప్రభువునకు చూపెను. అతడు తల పైకెత్తి రాళ్లను చూచుచున్నాడు. ఆమె అప్పటికి ఏ సందు తిరిగి ఇంటికి పోయినదో, ఆ రాత్రి ఏమి తినినదో అతడు అడుగలేదు. ప్రభువు ఆ రాళ్లను గురించి ఇచ్చిన జవాబు రెండవ వచనములో నున్నది. చదువువారు అక్కడ ఆగి, తమ సంఘములో ఈ సంవత్సరము ఇయ్యలేకపోయినవారు ఎవరో, వారి యింటికి ఎవరు పోయి చూచివచ్చిరో ఒకరినొకరు అడుగుకొనుడి.